గ్యాలరీలో నూకాలమ్మ

ఇది రాయమని అడిగినవాళ్ళు "మీ తీపి జ్ఞాపకాలు రాయండి సార్" అన్నారు. నా దగ్గర ఆ సరుకు తక్కువ. విశ్వవిద్యాలయం ఆర్ట్ గ్యాలరీలో అసిస్టెంటుగా చేరి సీనియర్ క్యూరేటర్‌గా దిగిపోయేదాకా నాకు జరిగిన అవమానాల్లో ఒక్కటీ మరిచిపోలేదు. ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్నవి మాత్రం మరిచిపోయాను. వాటితో ఎవరికీ పని లేదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు పనికొచ్చేది నా దగ్గర ఒక్కటే ఉంది. చెక్క పలక మీద గీసిన ఒక అమ్మవారి బొమ్మను మా వీధివాళ్ళను ఒప్పించి గ్యాలరీకి తెచ్చాను. అది మా చేతుల్లోనే పోయింది. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు, చెదలు తినలేదు. ఇప్పటికీ అదే గోడ మీద, అదే మేకుకు వేలాడుతోంది. అయినా పోయింది. అది ఎలా జరిగిందో చెబుతాను.

మా గ్యాలరీ

ఖరగ్‌పూర్ అనగానే అందరికీ గుర్తొచ్చే పెద్ద ఇంజనీరింగ్ విద్యాలయం కాదు మాది. మాది ఊళ్ళోని మలంచా పేట దాటాక వచ్చే చిన్న విశ్వవిద్యాలయం. స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కి "యూనివర్సిటీ" అన్నవాణ్ణి ఇప్పటికీ ఆ పెద్దదానికే తీసుకుపోతారు. కోల్‌కతా నుంచి మా ప్రదర్శన చూడ్డానికి వచ్చిన ఒక పెద్ద చిత్రకారుడు అలాగే అక్కడికి పోయి, టీ తాగి, చీకటి పడిందని తిరిగి రైలెక్కేశాడు. పువ్వుల దండ పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డవాణ్ణి నేను.

లైబ్రరీ పక్కన రెండు హాళ్ళు, వెనక ఒక స్టోర్. అదే గ్యాలరీ. కొన్ని మంచి నీటిరంగుల చిత్రాలు, ఒక జమీందారీ కుటుంబం వదిలించుకున్న నూనెరంగుల చిత్రాలు, అచ్చు చిత్రాలు, మట్టి బొమ్మలు. బయటివాళ్ళు క్యూరేటర్ అంటే బొమ్మల ముందు చెయ్యి ఊపుతూ మాట్లాడేవాడు అనుకుంటారు. నేను చేసిన పని వేరు. వానాకాలం గోడలకు చెమ్మ ఎక్కకుండా చూడ్డం, ఫ్రేముల వెనక పురుగు పట్టిందేమో టార్చి వేసి చూడ్డం, ఇంకా పెద్దల చేతుల్లోంచి బొమ్మల్ని కాపాడ్డం. ఈ మూడో పని కాలేజీలో ఎవరూ నేర్పలేదు. ఒక వైస్ ఛాన్సలర్ గారి భార్య మంచి నీటిరంగుల చిత్రాన్ని బంగళాకు తెప్పించుకుని వంటింటి గుమ్మానికి ఎదురుగా పెట్టుకున్నారు. ఆయన బదిలీ అయ్యాక అది తిరిగొచ్చింది. వేపుళ్ళ వాసన దానికి ఇప్పటికీ పోలేదు.

ఘోషాల్ గారు

నా మొదటి అధికారి ఘోషాల్ గారు. ఆయన దగ్గర నేర్చుకున్నంత ఇంకెవరి దగ్గరా నేర్చుకోలేదు. ఆయన అన్నంత మాట కూడా ఇంకెవరూ అనలేదు.

నేను రైల్వే క్వార్టర్లలో పుట్టినవాణ్ణి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాప్‌లో పనికొచ్చాడు. నాన్న కూడా అక్కడే ఫిట్టర్. నేను బొమ్మలు గీస్తానని, ఆ చదువే చదువుతానని పట్టుబట్టి చదివాను. ఉద్యోగంలో చేరిన రోజు ఘోషాల్ గారు నా కాగితాలు చూసి, పక్కనున్న గుమాస్తాతో బెంగాలీలో, "వీళ్ళ వాళ్ళు బోగీలు రిపేరు చేస్తారు కదా, ఇతనికి బొమ్మలెందుకు?" అన్నారు. నాకు బెంగాలీ రాదనుకున్నారు. నేను ఈ ఊళ్ళో పుట్టాను. నాకు బెంగాలీలో తిట్లు కూడా వచ్చు. ఒక్కటి కూడా అనలేదు. ఆ మాట మాత్రం మనసులో పెట్టుకున్నాను. ఆయన రిటైరైన రోజు వీడ్కోలు సభలో బెంగాలీలోనే మాట్లాడి, ఆ వాక్యం పొల్లుపోకుండా అప్పజెప్పాను. సభంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

కాని ఆయన నేర్పిన ఒక మాట మీద నా ఉద్యోగం మొత్తం నిలబడింది. "బొమ్మ మీద నీకు తప్పుగా కనిపించేదాన్ని దిద్దే ముందు, దాన్ని పెట్టింది ఎవరో కనుక్కో. ఎవరూ పెట్టకుండా వచ్చినదైతేనే అది దెబ్బ" అనేవారు. ఒక నూనెరంగుల చిత్రంలో ఆకాశం మీద గోటి గీతలు చూసి నేను దిద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. చిత్రకారుడు కుంచె కాడ కొసతో గీకి వాన చూపించాడట. అంతకుముందు నేను వానను గోటిగీత అనుకున్నాను.

అమ్మవారి పలక

మా క్వార్టర్ల వీధి చివర రేకుల షెడ్డులో నూకాలమ్మ ఉండేది. విగ్రహం కాదు. మనిషంత ఎత్తు చెక్క పలక మీద రంగులతో గీసిన బొమ్మ. వర్క్‌షాప్‌లో బోగీలకు రంగు వేసే అప్పలస్వామి తాత మొదట గీశాడు. ఏటా ఎండాకాలంలో అమ్మవారి పండగకు ముందు ఆ బొమ్మకు మళ్ళీ ఒక పూత వేసేవారు. వీధిలో ఎవరు వర్క్‌షాప్‌లో రంగులు వేసే షాపులో పనిచేస్తుంటే వాళ్ళ వంతు. వేసేది బోగీలకు వేసే ఎనామిల్ రంగే. అందుకే రైళ్ళు ఇటుక ఎరుపులో ఉన్నంతకాలం అమ్మవారి ముఖమూ చీరా ఇటుక ఎరుపు. రైళ్ళు నీలం అయ్యాక అవీ నీలం అయ్యాయి.

ఒక్కటి మాత్రం ముట్టుకోరు, కళ్ళు. మొదట అప్పలస్వామి తాత ఒకసారి గీసి తెరిచిన కళ్ళు అవి. తెరిచిన కళ్ళను మళ్ళీ తెరవకూడదని మా వీధి కట్టుబాటు. ముఖమంతా పూత వేస్తారు, కళ్ళ అంచుదాకా వచ్చి కుంచె ఆపుతారు. ఏడాదికో పూత చొప్పున ముఖం పైకి లేస్తూ వచ్చింది. కళ్ళు మొదట ఉన్నచోటే ఉండిపోయాయి. నేను పెద్దవాణ్ణయ్యేసరికి అవి రెండు గుంటలు. లోపల అడుగున ఆ పాత నలుపూ తెలుపూ. గుంట గోడల మీద పొరలు పొరలుగా ఎరుపు, దాని మీద నీలం. పక్కనుంచి వెలుగు పడితే అమ్మ ఎక్కడో లోపలి గదిలోంచి చూస్తున్నట్టుండేది. పండగ రోజు వీధిలో పెద్ద ముత్తయిదువ ఉంగరం వేలితో కాటుక తీసి ఆ గుంటల్లో పెడుతుంది. అక్కడితో పండగ మొదలు.

పాత క్వార్టర్లు పడగొట్టే రోజులొచ్చాయి. కుటుంబాలు ఊళ్ళో వేరే పేటలకు, ఝపటాపూర్‌కీ మలంచాకీ చెదిరిపోయాయి. షెడ్డు పోయింది. అమ్మవారిని ఎవరింట్లో పెట్టాలన్న తగువు తెగలేదు. అప్పుడు నేనే పైడమ్మ పిన్ని దగ్గరికి పోయాను. ఆవిడ వీధిలో పెద్దది, కాటుక పెట్టేది ఆవిడే. ఒక్క రక్తసంబంధం లేకపోయినా నాకు పిన్నే.

"పిన్నీ, అమ్మని మా గ్యాలరీలో పెడతాను. నీడ ఉంటుంది, తాళం ఉంటుంది. పండక్కి నేనే వేన్‌లో తెస్తాను. పండగయ్యాక మళ్ళీ తీసుకెళ్తాను."

"గేలరీ అంటే ఏటిరా? మ్యూజియమా? సచ్చినోల్ల బొమ్మలెట్టీసోటా?"

"కాదు పిన్నీ."

"టిక్కెట్టెడతావా మా యమ్మకి?"

"టిక్కెట్టు లేదు. మీరెప్పుడొచ్చినా తలుపు తీస్తాను."

"ఏటేటా రంగెయ్యనిస్తారా ఆలు?"

"ఇస్తారు. నేనున్నాను కదా."

పక్కనున్న ఈశ్వర్రావు నవ్వాడు. అప్పటికి రంగు వంతు అతనిది. నాతో చదువుకున్నవాడు. "ఒరే జగ్గా, ఆఫీసోడి మాట మీద అమ్మనిచ్చీమంటావేటి? రేపు నిన్నే గెంటీసినారనుకో, అప్పుడు?"

"నన్ను గెంటేవాడు ఇంకా పుట్టలేదు" అన్నాను. అప్పుడు అలా ఉండేవాణ్ణి.

అప్పటి డైరెక్టరు సరే అన్నాడు. కొన్నేళ్ళు బాగానే సాగింది. పండక్కి రెండు వారాల ముందు విశ్వవిద్యాలయం వేన్‌లో అమ్మను ఝపటాపూర్ తీసుకుపోయేవాళ్ళం. ఈశ్వర్రావు పూత వేసేవాడు. ఆరాక కాటుక, ఘటాలు, డప్పులు. తర్వాత మళ్ళీ గ్యాలరీకి. ఒక్క పసుపు దగ్గరే గొడవ. పిన్ని వచ్చినప్పుడల్లా పలక అంచుకు పసుపు రాసిపోయేది, దానికి పురుగు చేరేది. రాయొద్దంటే, "ఒరే, నీ ఉద్యోగం పురుగుతోనా, అమ్మతోనా?" అనేది. చివరికి పలక కింద ఒక రేకు పళ్ళెం పెట్టాను. పసుపు, నిమ్మకాయలు అందులో. పళ్ళెం నేనే కడిగేవాణ్ణి. సీనియర్ క్యూరేటర్ పళ్ళెం కడుగుతున్నాడని ఆఫీసులో నవ్వుకున్నారు. ఎవరెవరు నవ్వారో నాకు తెలుసు.

నా సర్వీసులో నేను సరిగ్గా చేశాననుకునే పని అదొక్కటే. వస్తువు గ్యాలరీలో ఉంది, దాని బతుకు ఆగిపోలేదు.

కమిటీ

విద్యాసాగర్ గారు గ్యాలరీ కమిటీ ఛైర్మన్‌గా వచ్చారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ప్రొఫెసరు, ఇంజనీరింగ్ శాఖ. తెలుగువాడు వచ్చాడని సంతోషించి మొదటి రోజే స్వీట్లు పట్టుకుని వెళ్ళాను. మాటల్లో నా నోటి నుంచి "ఏటి" అని వచ్చింది. ఆయన పక్కవాళ్ళ వైపు తిరిగి, "చూశారా, మన తెలుగు ఇక్కడికొచ్చి ఎలా తయారైందో!" అన్నారు. ఇక్కడికొచ్చి తయారవలేదు. అది మా తాత తెచ్చిన తెలుగే. ఆ రోజు నుంచి ఆయనతో ఇంగ్లీషులోనే మాట్లాడాను. ఆయన గమనించినట్టు లేదు. అది ఇంకో అవమానం.

ఆ ఏడాది స్నాతకోత్సవానికి ఢిల్లీ నుంచి పెద్ద అతిథి రావాలి. గ్యాలరీ చూపిస్తామన్నారు. కమిటీ సమావేశంలో విద్యాసాగర్ గారు గోడమీది బొమ్మల ఫొటోలు ఒక్కొక్కటే తెర మీద చూపిస్తూ వచ్చారు. అమ్మవారి దగ్గర ఆగారు.

"ఇది బావుంది, జానపదం. కాని ముఖం చూడండి. కళ్ళ దగ్గర పెచ్చులూడి గుంటలు పడ్డాయి. అతిథి ముందు ఇలాగేనా పెట్టేది?"

"అవి పెచ్చులూడినవి కావు" అన్నాను. లేచి నిలబడి మొత్తం చెప్పాను. పూతల సంగతి, కళ్ళ సంగతి, కాటుక సంగతి. నా జీవితంలో కమిటీ ముందు అంతసేపు మాట్లాడిందదే.

ఆయన ఓపిగ్గా విన్నారు. విని, "జగన్నాథరావు గారూ, మీ భావాలను గౌరవిస్తాను. అది మీ వీధి బొమ్మ, మీకు మమకారం ఉంటుంది. కాని ఇది విశ్వవిద్యాలయం. మనం శాస్త్రీయంగా ఆలోచించాలి. కోల్‌కతా నుంచి పాత బొమ్మలు బాగుచేసే కన్సర్వేటర్ వస్తోంది, ఆమె చూసి చెబుతుంది" అన్నారు.

ఆమె చూసి చెబుతుందంటే నాకు భయం వేయలేదు. ఆమెకు నేనే చెప్పొచ్చనుకున్నాను. సమావేశం మినిట్స్ తర్వాత నా బల్ల మీదికొచ్చాయి. నేను చెప్పిందంతా ఒకే వాక్యం: "క్యూరేటర్ కొన్ని అభిప్రాయాలు వ్యక్తం చేశారు." అంతే. ఏ అభిప్రాయాలు? దేని గురించి? కళ్ళు అన్న మాటే అందులో లేదు. దిద్దమని తిప్పి పంపాను. దిద్దలేదు. పిల్లలూ, ఇది గుర్తుపెట్టుకోండి. మీరు సభలో ఎంత బాగా మాట్లాడినా రేపు మిగిలేది గుమాస్తా రాసిన వాక్యమే. వాళ్ళు రాసేదాకా కూర్చోండి. మీ ముందే చదివించుకోండి.

నేను ఊళ్ళో లేని వారం

అదే వారం శ్రీకాకుళంలో మా అక్క పోయింది. వారం రోజులు అక్కడే ఉండిపోయాను. ఫోన్లో అసిస్టెంటుతో, "కన్సర్వేటరమ్మ వస్తే జమీందారీ చిత్రాలు చూపించు, అమ్మవారి దగ్గర నేనొచ్చేదాకా ఆగమను" అని చెప్పాను. అతను చెప్పాడు. విద్యాసాగర్ గారు, "ఆయన బాధలో ఉన్నారు, ఆయన్ని ఇబ్బంది పెట్టొద్దు" అని పని మొదలుపెట్టించారు. నా బాధను అడ్డం పెట్టుకుని పని కానిచ్చారు. ఇంత నాజూకుగా మనిషిని పక్కకు తప్పించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

తిరిగొచ్చిన రోజు స్టేషన్ నుంచి ఇంటికి పోకుండా తిన్నగా గ్యాలరీకి పోయాను. హాల్లో అమ్మవారు బల్ల మీద వెల్లకిలా ఉంది. మౌమిత అనే ఆ కన్సర్వేటర్ అమ్మాయి చేతులు తుడుచుకుంటోంది.

గుంటలు లేవు.

లప్పం నింపి, ముఖంతో సమానంగా నున్నగా రుద్ది, పైన రంగు కలిపి, అడుగున ఉన్న కళ్ళనే చూసి అచ్చం అలాగే పైన మళ్ళీ గీసింది. రంగు ఎక్కడ కలిసిందో నా కంటికి కూడా దొరకలేదు. ఇంత బాగా చేసిన పని మా గ్యాలరీలో అంతకుముందు జరగలేదు.

"దాదా, ఎలా ఉంది?" అని బెంగాలీలో అడిగింది. ఆమెకు నా ముఖం అర్థం కాలేదు. "పెద్ద లాస్ అది దాదా, రంగు ఊడిపోయిన చోటు. రెండు వైపులా ఒకే లోతు. పాత బొమ్మల్లో కళ్ళ దగ్గర భక్తులు ముట్టుకుని ముట్టుకుని అరిగిపోవడం చూశాను, అలాంటిదే అనుకున్నా."

కూర్చోబెట్టి చెప్పాను. అంతా విన్నాక ఆమె బల్ల దగ్గరికి పోయి, నింపిన కంటి మీద చెయ్యి పెట్టి నిలబడింది.

"నాకెవరూ చెప్పలేదు దాదా."

"తెలుసమ్మా."

"క్యూరేటర్‌కి ఆ బొమ్మ మీద కొంచెం సెంటిమెంట్ ఉంది, పట్టించుకోవద్దు అన్నారు. ఆ సెంటిమెంట్ ఏమిటని నేను అడగలేదు."

ఆమె మీద నాకు కోపం లేదు. నాకు కోపం లేని మనుషులు తక్కువ, అందులో ఆమె ఒకతె. పెట్టిన లప్పం నీళ్ళతో మెత్తబడేదే, అడుగున పొరలకు ఏమీ కాకుండా తీసేయొచ్చంది. రెండు రోజులు చాలంది. తన ఖర్చుతో తనే వస్తానంది. అప్పుడే వెళ్ళి విద్యాసాగర్ గారి గది తలుపు కొట్టాం.

"తీసేయడమా?" అన్నారాయన. "రేపు అతిథి వస్తున్నారు. అయినా, బాగైనదాన్ని మళ్ళీ పాడుచేయమని ఏ కమిటీ రాస్తుంది?"

అతిథి వచ్చారు. అమ్మవారి ముందు నిలబడి "ఎంత సజీవంగా ఉన్నాయో ఆ కళ్ళు" అన్నారు. ఆ మాటను విశ్వవిద్యాలయం బ్రోషర్‌లో వేశారు. పక్కన రెండు ఫొటోలు: దిద్దక ముందు, దిద్దిన తర్వాత. ఇక తీయడం ఎవరి చేతుల్లోనూ లేకుండా పోయింది. ఆ అచ్చు కాగితం మీదున్న ముఖాన్ని కాదనే అధికారి మా దగ్గర పుట్టడు.

కాటుక

పండగ వచ్చింది. పిన్నికి ముందే చెప్పాను. ఫోన్లో కాదు, ఇంటికి పోయి చెప్పాను. ఆవిడ సరిగ్గా నమ్మలేదు. "కళ్ళు గీసినారంటే గీసినారు గాని, గుంట ఎక్కడికి పోద్దిరా?" అంది. మనసులో నేనూ ఒకటి అనుకున్నాను. వీధివాళ్ళు చూసి, ఏడ్చి, తిట్టి, ఆ గొడవ పైదాకా పోతే లప్పం తీయిస్తారేమోనని.

వేన్‌లోంచి దించారు. ఈశ్వర్రావు పలకను గోడకు ఆనించి చాలాసేపు చూశాడు. పక్కకొచ్చి చూశాడు. వేళ్ళతో బుగ్గ నుంచి కంటి మీదుగా ముక్కుదాకా రాశాడు. చెయ్యి ఎక్కడా దిగలేదు.

"పనోడేరా" అన్నాడు. "మంచి పనోడు. ఇలాంటోన్ని మా షాపులో ఫోర్‌మన్‌ని సేసీవోల్లు."

"అమ్మాయి" అన్నాను.

"ఎవులైతేనేటి." కుంచె డబ్బాలో ముంచాడు. మళ్ళీ తీశాడు. "ఒరే జగ్గా, ఇప్పుడు నానెక్కడ ఆపాలి? ఈ కళ్ళ అంచు కాడ ఆపాలా? ఇయి అప్పలసామి తాత తెరిసినయి కావు గదా. ఈటి మీద కూడా పూతేసీనా?"

అతను ముఖం వదిలేసి చీరకు మాత్రం పూత వేశాడు.

పండగ రోజు ఎండ మాడ్చేస్తోంది. డప్పులు ఆగాయి. పిన్ని కొత్త చీర కట్టుకుని, ఉంగరం వేలితో కాటుక తీసి, అలవాటుగా కంటి మీద పెట్టి నొక్కింది. వేలు లోపలికి పోలేదు. నున్నటి రంగు మీద కాటుక నిలవలేదు. ఆవిడ ఇంకా నొక్కింది. నెయ్యి కాటుక ఆ ఎండకు కరిగి బుగ్గ మీదికి జారింది. రెండో కంట్లో పెట్టింది. అదీ జారింది.

వెనక నుంచి ఒక పిల్ల, "ఓలమ్మ, అమ్మ ఏడుస్తున్నాది!" అంది. ఆడవాళ్ళు కొందరు చెంపలేసుకున్నారు.

పిన్ని వెనక్కి తిరిగి, "ఏడుపు నేదు ఏటీ నేదు, నోర్ముయ్యండి. కాటుక నిలబడనేదు, అంతే" అంది. కొంగుతో బుగ్గలు తుడిచింది. మూడోసారి పెట్టలేదు. డప్పులవాళ్ళ వైపు చూసి, "కొట్టండి. ఘటాలు ఎత్తండి" అంది. ఆ ఏడాది ఘటాలు అమ్మవారి ముందు నుంచి కాక, పక్క సందులోంచి లేచాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అందరూ అటే నడిచారు.

మర్నాడు వేన్ పంపేలోపే వాళ్ళే ఒక ట్రాలీ రిక్షా మాట్లాడుకుని పలకను గ్యాలరీకి తెచ్చేశారు. గుడ్డ కప్పి తెచ్చారు. ఎప్పుడూ కప్పేవాళ్ళు కాదు. పిన్ని రాలేదు. ఈశ్వర్రావు వచ్చాడు.

"పిన్ని ఏమంది?"

"ఏటంటాది? మీ బొమ్మ మీరెట్టుకోండి అంది."

"లప్పం తీయిస్తానురా. నేను వదలను."

"తీయించు. తీయించినాక కబురెట్టు." గుమ్మం దాటబోతూ ఆగాడు. "నిన్ను ఎవులూ గెంటనేదు గదా మరి?"

గెంటలేదు. దిగిపోయే రోజుదాకా అదే కుర్చీలో ఉన్నాను. పళ్ళెం కొన్నాళ్ళు పలక కింద ఖాళీగా ఉంచి, తర్వాత తీసేశాను.

ఆ తర్వాత

మిగిలిన సర్వీసంతా ఆ లప్పం తీయించడానికే పోట్లాడాను. కమిటీకి చెప్పాను, డైరెక్టరుకు చెప్పాను, డైరెక్టరు మారాక కొత్తాయనకు చెప్పాను. "ఆ కళ్ళ పిచ్చాయన" అని వెనక అనుకునేవారు. మౌమిత నన్ను తరచూ అడిగేది, "దాదా, రానా?" అని. అనుమతి లేకుండా ఎలా రమ్మంటాను? ఒకసారి ఇద్దరం ఆదివారం తాళం తీసి చేసేద్దామా అన్నంతదాకా వచ్చాం. చేయలేదు. ఆమెకు ముందు ఇంకా పెద్ద ఉద్యోగ జీవితం ఉంది. నాకు నియమాలంటే గౌరవం. ఇప్పుడు ఆలోచిస్తే ఆ గౌరవం ఎవరికి పనికొచ్చిందో తెలియదు.

నా తర్వాత వచ్చిన కుర్రాడు మంచివాడే. ప్రయత్నిస్తానన్నాడు. ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నా మాట ఇది. బతికున్న వస్తువును గ్యాలరీకి తెచ్చేటప్పుడు దాన్ని కాపాడేది మీరేనని అనుకోకండి. మీరు ఒక మనిషి. రేపు మీ అక్క పోతుంది, మీరు రైలెక్కుతారు. మీరు లేని వారంలో దాన్ని ఎవరు కాపాడతారో ముందు చూసుకోండి. అలాంటివాళ్ళు ఎవరూ లేకపోతే తేకండి. ఎండలో ఉంటే ఉండనీయండి, వానకు తడిస్తే తడవనీయండి. ఘోషాల్ గారు బతికుంటే ఈ మాట ఒప్పుకునేవారు కారు. ఆయనకు వస్తువు ముఖ్యం. నాకూ చాలాకాలం వస్తువే ముఖ్యం.

ఈ ఎండాకాలం ఝపటాపూర్ వెళ్ళాను. వీధివాళ్ళు రెండు మూడేళ్ళ కిందటే కొత్త పలక చేయించుకున్నారు. మంచి చెక్క. ఈశ్వర్రావే గీశాడు, కళ్ళూ అతనే తెరిచాడు. రిటైరయ్యాడు కనక రంగు ఇప్పుడు గోల్‌బజార్‌లో కొంటున్నాడు. పండగ పూత వేసి ఆరబెట్టారు. నేను వెళ్ళేసరికి పిన్ని మంచం మీద కూర్చుని చూస్తోంది. ఆవిడకు చూపు బాగా తగ్గింది.

"ఎవులది? జగ్గడా?"

"నేనే పిన్నీ."

"వొచ్చినావా. సూడు, బాగున్నాదా?"

దగ్గరికి పోయి చూశాను. దూరం నుంచి ముఖమంతా సమానంగానే ఉంది. కంటి అంచు మీద వేలు పెట్టి రాస్తే సన్నటి గట్టు తగిలింది. రెండు మూడు పూతల గట్టు. గోరుకు తెలుస్తుంది, కంటికి తెలియదు. మా వీధి గుంటల లోతు రావాలంటే ఈ చుట్టూ నిలబడ్డ పిల్లలు ముసలివాళ్ళు కావాలి.

"కాటుక నిలుస్తుందా పిన్నీ?"

"ఇప్పుడు నిలవదు. జారిపోద్ది. తుడిసి మల్లీ ఎడతాను. ఏటి, తొందరేటి?"

ఉద్యోగంలో ఉండగా ఎప్పుడూ అనని మాట ఆవిడతో అన్నాను.

"పిన్నీ, ఈ పలకని ఎవరడిగినా ఇవ్వకండి. ఎంత పెద్దవాళ్ళడిగినా."

పిన్ని నా గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. కోపంగా అనలేదు. ఉన్నమాటే అంది.

"ఎవులడుగుతారురా? అడిగినోడివి నువ్వొక్కడివే."